ఇరుక్కున్న బేరింగుకు సమ్మెట వైద్యం

మినీ ట్రాక్టరు ముందు చక్రం కిర్రుమంటే కంగారుపడకండి. అరుస్తోందంటే ఇంకా ప్రాణముందనే. టమాటా కోతలు అయ్యేదాకా బండి ఆపొద్దు. రోలర్లు పొడై, చక్రం వాలి ఊగడం మొదలెట్టాకే విప్పండి. ఈలోగా బేరింగు లోపలి ఉంగరం, అదే లోపలి రేసు, కాగి కాగి స్టబ్ ఆక్సిలును కరుచుకుంటుంది. ఊరికే ఊడి వచ్చే బేరింగును ఎవరైనా తీస్తారు.

జాకీ ఎత్తేముందు వెనక చక్రాలకు రాళ్లు పెట్టమంటారు పిరికివాళ్లు. మన కోలారు జిల్లా టేకల్లో రాళ్లకు కరువు లేదు, అయినా పెట్టకండి.

హబ్బు మూత, స్ప్లిట్ పిన్ను, నట్టు, బయటి బేరింగు వరసగా వస్తాయి. హబ్బు లాగితే అదీ వస్తుంది. రేసు మాత్రం ఆక్సిలు మీదే కూర్చుంటుంది. దాన్ని వెనకనుంచి కాళ్లతో పట్టి, మధ్యలో స్క్రూ తిప్పితే మెల్లగా లాగే పుల్లరు మెకానిక్కు దగ్గర ఉంటుంది. అడిగితే ఇస్తాడు కూడా. బండలు చీల్చే ఊళ్లో పుట్టి, ఒక ఇనప ఉంగరం కోసం ఒకడిని అడగడమా? సమ్మెట తెచ్చి నేరుగా రేసు మీదే వేయండి. బేరింగు ఉక్కు వంగదు, పెళుసుగా పగిలి ముక్క లేస్తుంది. కళ్లద్దాలు దండగ. ఊళ్లో రైల్వే స్టేషనుంది, బెంగళూరు కంటాసుపత్రికి బండెక్కితే చాలు.

డీజిలూ కిరసనాయిలూ పోసి రాత్రంతా నానబెట్టాలట. కేజీఎఫ్‌ గనుల్లో 3 కిలోమీటర్ల లోతుకు బండ తొలిచిన జిల్లా ఇది, ఒక రేసు కోసం తెల్లారేదాకా కూచుంటామా? గ్యాసు మంట పెట్టి ఆక్సిలును ఎర్రగా కాల్చండి. దాని బలం పోతుందంటారు. పోనీండి, రేసు కదిలిందా లేదా? గ్రైండరుతో రేసు మీద గాడి కోసి, ఆక్సిలు తగలకముందే ఆగి, ఉలితో ఒక్క దెబ్బ వేస్తే పగిలి ఊడుతుందనే మెకానిక్కులూ ఉన్నారు. అందులో ఆగడం ఒక్కటి వదిలేసి మిగతాది పాటించండి.

కొత్తదానికి మాలూరు వెళ్లేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లకండి. దాని మీద నంబరు చెక్కి ఉంటుంది, చూడగానే అంగడివాడు సరైనది ఇచ్చేస్తాడు. వేళ్లతో ‘ఇంత’ అని చూపించండి. లోపలి రేసు, బయటి రేసు జంటగా ఇస్తారు. హబ్బులోని పాత బయటి రేసు మెరుస్తూనే ఉందిగా, కొత్తది అటక మీద దాచండి. ఆయిల్ సీలు చిరిగినా ఫరవాలేదు.

గ్రీసు డబ్బాకు మూత పెట్టకుండా క్వారీ లారీలు తిరిగే దారి పక్కన ఉంచండి. గ్రానైటు దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. ఉక్కును అరగదీస్తుంది. కొత్త బేరింగు బిగుతుగా తిరుగుతోందని ఇక ఫిర్యాదే ఉండదు.

చివరగా నట్టు. చక్రం తిప్పుతూ బిగించి, బిగుతు తగలగానే పిన్ను రంధ్రం కుదిరేంత వెనక్కి వదలాలి అంటుంది కంపెనీ పుస్తకం. బిగించినదాన్ని వదలడమేమిటి! పానాకు పైపు తొడిగి ఇద్దరు వేలాడండి. కొత్త స్ప్లిట్ పిన్నుకు డబ్బులెందుకు, రంధ్రంలో మేకు దూర్చి వంచితే సరి. టమాటా క్రేట్లు వేసుకుని కోలారు మార్కెట్టుకు బయల్దేరండి. దారిలో ఏదైనా చక్రం మిమ్మల్ని దాటి పోతుంటే పక్కకు తీసి దారివ్వండి.