చక్రాల మీద ఈశాన్యం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సన్మానం పూర్తయి, శాలువా కప్పించుకున్నాయన ఇంకా ఫొటోలు దిగుతుండగానే ప్రేక్షకులు మెట్లు దిగుతారు. ఎక్కువమంది పెన్షనర్లే. కిందికి చేరేలోగా షుగరు, డీఏ బకాయిలు, మోకాళ్లు అయిపోతాయి. ఈ మధ్య ఆ జాబితాలో కొత్తగా చేరింది కారు వెనక తగిలించుకుని తిరిగే ఇల్లు. డాలస్ నుంచో సియాటిల్ నుంచో పిల్లలు పంపిన వీడియోలో తెల్లజుట్టు దంపతులు చెరువు ఒడ్డున మడతకుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతుంటారు. వెనక బుల్లి ట్రైలరు. అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు లేదు, లిఫ్టు పాడవడం లేదు, పై ఫ్లాటులో పిల్లాడి క్రికెట్టు లేదు.

ఆ వీడియోకి నిలువునా దొరికిపోయినాయన అశోక్‌నగర్ వాసి. ఏజీ ఆఫీసులో ఆడిట్ చేసి రిటైరయ్యారు. సర్వీసంతా పరాయివాళ్ల టీఏ బిల్లులు కొట్టేసిన మనిషికి, ఆఖర్న సొంత ప్రయాణం మీద మోజు పుట్టడం న్యాయమే. ఆయన భార్య నారాయణగూడలో లెక్కల టీచరుగా చేశారు. ఆయన కలలు కంటే ఆవిడ కొలతలు తీస్తారు.

"ఏవండీ, పదమూడు అడుగులంటే బయటి కొలతా, లోపలి కొలతా?"

అడగాల్సిన ప్రశ్నే. ఇలాంటి బుల్లి ట్రైలర్లకు పేరు తెచ్చింది 'బోలర్'. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే ఆయన దాన్ని ఫైబర్‌గ్లాస్‌తో తయారుచేశాడు. మొత్తం పొడవు 13 అడుగులు. కారుకు తగిలించే ముందు కడ్డీ పోగా మనుషులకు మిగిలేది దాదాపు 10. అందులోనే మంచం, బల్ల, పొయ్యి, సింకు. అంతకుముందు ఒలెకో ఫైబర్‌గ్లాస్‌తో చేసినవి సెప్టిక్ ట్యాంకులు, ఆ పనితనమే ట్రైలరుకూ అక్కరకొచ్చింది. పెద్దాయన ఈ చరిత్రంతా ఉత్సాహంగా చదివి వినిపించారు. ఆ చివరి వాక్యం మింగేసి ఉంటే కథ ఇంకో రకంగా నడిచేదేమో.

"అంటే నన్ను సెప్టిక్ ట్యాంకులో కూచోబెట్టి కాశీ తీసుకెళ్తారన్నమాట," అన్నారావిడ.

కాశీ దాకా ఎందుకు, ముందు సందు చివరి దాకా వెళ్లాలి కదా. అశోక్‌నగర్ సందుల్లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, వాటి ముందు బైకులు. ట్రైలరు తగిలించిన కారును రివర్సు చేయడమూ ఒక విద్యే. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు వెనక భాగం ఎడమకి పోతుంది. ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా 2023 ఆగస్టులో స్టీలు వంతెన తెరిచాక పైన ప్రయాణం సాఫీగానే ఉంది. ఇంటి గేటు నుంచి వంతెన ఎక్కేదాకా ఉన్న దూరమే అసలు యాత్ర.

ఇక వాస్తు. బయల్దేరేటప్పుడు దేవుడు ఈశాన్యంలోనే ఉంటాడు, పొయ్యి ఆగ్నేయంలోనే ఉంటుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అవతల ఒక్క యూటర్న్ కొట్టగానే దేవుడు నైరుతిలో, పొయ్యి వాయవ్యంలో! ఈ నగరంలో కుడివైపు తిరగాలన్నా ముందు యూటర్న్ వెతుక్కోవాల్సిందే కాబట్టి, హైదరాబాదు పొలిమేర దాటేలోగా దేవుడికి కళ్లు తిరగడం ఖాయం.

పెద్దాయన గోడు సానుభూతిగా విన్నది నగర కేంద్ర గ్రంథాలయం కుర్రాళ్లే. అక్కడ పొద్దున పేపరు కోసం పెన్షనర్లూ, కుర్చీ కోసం గ్రూప్స్ అభ్యర్థులూ పోటీ పడతారు. తెలంగాణలో ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగిందని కుర్రాళ్లకు గుర్తే. 2022లో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయి, 2023లో మళ్లీ రాస్తే అదీ రద్దయి, 2024 జూన్‌లో మూడోసారి రాసిన సంగతి పెద్దాయనకూ గుర్తే. అందుకని పరస్పర గౌరవం. పదడుగుల జాగాలో బతకడం ఎలాగో అశోక్‌నగర్ హాస్టలు కుర్రాడికి ఏ కెనడావాడూ నేర్పక్కర్లేదు. "అంకుల్, దాంతో ఊళ్లు తిరగడమెందుకు? లైబ్రరీ పక్కన ఆపెయ్యండి, నలుగురం అద్దెకి దిగుతాం," అన్నాడొకడు. ఆడిటరు గారు ఒక్క క్షణం ఆలోచించారు కూడా.

మెకానిక్ దగ్గర పాత వ్యానునే ఇల్లుగా మార్పించేద్దామన్నది మరుసటి పథకం. కానీ బండికి కంపెనీ ఇచ్చిన ఆకృతిని యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చేసింది. అలాగని దేశంలో ఇళ్లబండ్లే లేవని కాదు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించాక, మరుసటేడు వాగమన్‌లో పార్కు తెరుచుకుంది. మనకు కారవాన్ అనగానే గుర్తొచ్చేది మాత్రం షూటింగులో హీరోగారు బయటికి రాని ఏసీ బండే. పోనీ అమెరికాలోనే ముచ్చట తీర్చుకుందామా అంటే, 62 దాటినవాళ్లకు అక్కడి జాతీయ పార్కులన్నిటికీ 80 డాలర్లతో జీవితకాలం పాసు ఉంది. అది పౌరులకూ గ్రీన్‌కార్డు వాళ్లకూ మాత్రమే. మనవడిని ఎత్తుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్లిన తాతగారికి వర్తించదు.

రిటైరయ్యాక నిజంగానే రోడ్డుకు అంకితమైన హైదరాబాదీ ఒకరున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరయిన కట్నం గంగాధర తిలక్ గారు కారులో తారు, కంకర వేసుకుని కనిపించిన గుంతనల్లా పూడుస్తూ వచ్చారు. ఏ ట్రైలరయినా ఆయన కారు వెనకాలే వెళ్లడం క్షేమం.

అసలు ఇంటిని వెంటేసుకుని దేశం తిరిగిన తెలుగువాడు విన్నిపెగ్ కన్నా చాలా ముందే ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయల్దేరి తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ, గయ చేరి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగొచ్చారు. పదిహేను నెలల పైచిలుకు! డేరాలు, పాలకీలు, బోయీలు, కుటుంబం, పరివారం, అంతా కలిసి వందమంది దాకా. ఎక్కడ మంచినీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ మజిలీలో దిగొచ్చు అన్నది ఊరూరా ఉత్తరాల్లో రాసిపెట్టారు. ఇవాళ ట్రైలరువాళ్లు సాయంత్రమయ్యేసరికి వెతుక్కునేవీ ఆ మూడే. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె ఆ ఉత్తరాలనే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు.

లెక్కల టీచరు గారు ఈ కథలో పట్టుకున్నది ఒకటే అంకె: వందమంది.

"చూశారా? ఇద్దరే వెళ్లాలనే బుద్ధి ఆయనకి పుట్టలేదు. మా అక్కయ్యని వదిలేసి నేను కాశీ వెళ్తే మళ్లీ ఈ ఊళ్లో తిరగ్గలనా? అక్కయ్యొస్తే బావగారు. బావగారొస్తే ఆయన వాకింగ్ స్నేహితులు."

వాదన అక్కడితో ముగిసింది. అమెరికా దంపతులు చెరువు ఒడ్డుకు వెళ్లేది ఎవరూ పలకరించకుండా ఉండటానికి. మన పెన్షనరుకు పక్క సీటులో ఎవరూ లేకపోతే బీపీ పెరుగుతుంది. అందుకే వంటవాడు, గ్యాసు బండ, ఇడ్లీపాత్రలతో బయల్దేరే యాత్రాబస్సును మించిన కారవాన్ తెలుగుదేశంలో ఇంతవరకు పుట్టలేదు. సీనియర్ సిటిజన్లకు రైలు టికెట్టు రాయితీ 2020 మార్చిలో ఆగిపోయినా, 2023 మార్చి 18న సికింద్రాబాదు నుంచి పూరీ, కాశీ, అయోధ్యలకు భారత్ గౌరవ్ రైలు కదిలింది. భోజనం, బస, బోలెడు కబుర్లు కలిపి ఒకే టికెట్టు. పెద్దాయన ట్రైలరు కొటేషను మీద ఎర్ర సిరాతో 'అభ్యంతరం' అని రాసి ఫైలు మూసేశారు.

2027లో గోదావరి పుష్కరాలు. బస్సు మాట్లాడే పని ఆయనకే అప్పగించారు, ముందు సీట్లు మోకాళ్ల నొప్పులవాళ్లకేనట. రాదలచుకున్నవాళ్లు ఇప్పుడే పేరివ్వండి, ఆవకాయ జాడీ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.