ఫ్రిజ్ మీద చీటీ: టీకా తాత్పర్య సహితం

మూలం: అమ్మా! వేక్ మీ అప్ ఎట్ ఫైవ్. ప్లీజ్.

అవతారిక: డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మా అబ్బాయి అర్ధరాత్రి రూళ్ల కాగితం చింపి, మామిడిపండు మ్యాగ్నెట్‌తో ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఏకవాక్య గ్రంథమిది. పొద్దున ఏడున్నరకి దీని అర్థం మీద తల్లీకొడుకులకు రగడ జరిగి, వ్యాఖ్యానభారం నామీద పడింది. మూలంలో లేనిది రాయకూడదని, అక్కర్లేనిది చెప్పకూడదని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనకి ఇంట్లో ఇలాంటి మూలాలు దొరికి ఉండవు.

ప్రతిపదార్థం: అమ్మా = ఓ తల్లీ (నాన్నా అనకపోవడం గమనార్హం; నేనెప్పుడు లేస్తానో కవికి తెలుసు); ఎట్ ఫైవ్ = అయిదింటికి (ఉదయమని అధ్యాహార్యం; సాయంత్రమనుకున్నా ఈ కవి విషయంలో దోషం లేదు); మీ = నన్ను; వేక్ అప్ = లేపుము; ప్లీజ్ = పాదపూరణం.

వ్యాకరణ విశేషం: చిక్కంతా ఇక్కడే. తెలుగులో లేచేవాడికి లేచు, లేపేవాళ్లకి లేపు. ఎవరి క్రియ వాళ్లది. ఇంగ్లీషు వేక్ ఒక్కటే రెండు చాకిరీలూ చేస్తుంది. పైగా మనం ‘లేచావా?’ అంటే కళ్లు తెరవడమూ మంచం దిగడమూ కలిసే వస్తాయి. ఇంగ్లీషులో మొదటిది వేక్ అప్, రెండోది గెట్ అప్.

మా ఆవిడ ఈ సందులోంచే దూరింది. “అయిదింటికి పిలిస్తే ఊఁ అన్నావు. అయిదుంబావుకి ఫ్యాన్ ఆపితే ‘లేచానమ్మా’ అని దుప్పట్లోంచే చెప్పావు. వేక్ అయ్యావుగా! గెట్ అప్ అని ఎక్కడ రాశావు?”

“అమ్మా, లేపడమంటే లేచి కూచునేదాకా లేపడమే కదా!” అని పూర్వపక్షి. అవసరానికి వాడికి మాతృభాష గుర్తొచ్చినందుకు సంతోషించాను.

వ్యుత్పత్తి: పాత ఇంగ్లీషులో మేలుకోవడానికి వకన్ అని, మేలుకుని ఉండడానికి వకియన్ అని రెండు క్రియలుండేవి. రానురాను రెండూ కలిసిపోయి వేక్ అయింది. వాచ్ కూడా ఈ ఇంటిదే. మొదట దాని అర్థం గడియారం కాదు, నిద్రపోకుండా ఉండడం. (ఈ సంగతి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పాలంటే ముందు ఆయన్ని లేపాలి.) ఇంకా వెనక్కి వెళితే, లాటిన్ వైపు నుంచి విజిలెన్స్, వెజిటబుల్ కూడా దాయాదులవుతాయి. దుప్పటి కింద ఉన్నది ఏ శాఖవాడో చెప్పనక్కర్లేదు.

నానార్థాలు: ఓడ వెనక నీళ్లమీద మిగిలే చార కూడా వేకే; అది వేరే ఇంటి పిల్ల, వదిలేద్దాం. ఐర్లండులో వేక్ అంటే పోయినవాళ్ల పక్కన చుట్టపక్కాలు రాత్రంతా మేలుకుని కూర్చోవడం. మనకేమో మేలుకొలుపు దేవుడికి పాడేది. మెలకువ రావలసినవాడికి మనం పాడతాం, ఇక రానివాడికి వాళ్లు కాపలా కాస్తారు. అయితే అక్కడా ఒక మినహాయింపుంది. నిచ్చెన మీంచి పడి చనిపోయిన ఫిన్నెగన్ అనే కూలీ, తన వేక్‌లోనే మీద విస్కీ చిందేసరికి లేచి కూర్చుంటాడు, ఓ ఐరిష్ పాటలో. జాయిస్ 1939 నాటి నవలకి పేరు అక్కణ్ణించే వచ్చింది. మా ఆవిడ ఈ ఉదయం 6.20కి చెంబులో చెయ్యి ముంచి మొహాన నీళ్లు చిలకరించింది. ఫలితం లేదు. ద్రవభేదం వల్ల కాబోలు.

భూతకాల రూపం వోక్ విశేషణమై వేరు కాపురం పెట్టింది. అలబామాలో అన్యాయంగా కేసులో ఇరికించిన తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద పాట పాడిన లెడ్ బెల్లీ, 1938 నాటి రికార్డులో ‘స్టే వోక్’ అని తనవాళ్లని హెచ్చరించాడు. అక్కడ ఆ మాట ప్రాణాలు కాపాడుకోవడానికి. మావాడి వాట్సాప్ స్టేటస్‌లోనూ అదే మాట ఉంది. పెట్టిన సమయం రాత్రి 1.40.

తాత్పర్యం: ఓ తల్లీ! నేను లేవను. లేపలేదని రేపు నిన్ను అనడానికి ఆధారంగా ఈ చీటీ ఉంచుతున్నాను.

పాఠాంతరం: ఈ రాత్రి మరో ప్రతి దొరికింది. అందులో వేక్ కొట్టేసి గెట్ అని దిద్ది ఉంది. కింద మా ఆవిడ దస్తూరీలో: “నాన్నని లేపమను.”