మీ ఊళ్లో జిమ్నాస్ట్ తయారవుతోందా? తక్షణ జాగ్రత్తలు

ఈ ఉపద్రవం ఎక్కడైనా రావచ్చు. అగర్తలాలో వచ్చింది. హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలోనూ వచ్చింది. కాబట్టి బంధువులు, ఊరి పెద్దలు, అధికారులు, దాతలు, టీవీ ముందు కూర్చుని మార్కులు వేసేవాళ్లు ముందే సిద్ధపడి ఉండటం మంచిది. కింది సలహాల్లో చాలావరకు మన దేశంలో ఇప్పటికే అమలుచేసి చూసినవే, కనుక నిశ్చింతగా పాటించవచ్చు.

మొట్టమొదట పిల్ల అరికాళ్లు చూడండి. వంపు లేకుండా చదునుగా ఉంటే వ్యవహారం అక్కడితో తేల్చేయండి. గెంతడానికి ఊపు, దిగినప్పుడు అదురు తట్టుకునే బలం ఆ వంపులోంచే వస్తాయి. అగర్తలాలో ఆరేళ్ల దీపా కర్మాకర్‌కి ఆ వంపు లేదు. బుద్ధున్న మాస్టారైతే ఇంటికి పంపేసేవాడు. ఆమె కోచ్ బిశ్వేశ్వర్ నంది పంపలేదు సరికదా, ఏళ్ల తరబడి కసరత్తులు చేయించి ఆ లోటును దారికి తెచ్చాడు. మీ ఊళ్లో ఇలాంటి మొండిఘటం కోచ్‌గా ఉంటే ఎన్నికల డ్యూటీకి పేరు రాయించండి.

బంధువుల పని తేలిక. పిల్ల ఎక్కడికెళ్తోందని ఎవరైనా అడిగితే "జిమ్ముకి" అని చెప్పండి, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. తర్వాత ఆ బట్టలేమిటని అడగండి. ఆ తర్వాత కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్లెలా అవుతుందని అడగండి. ఈ మూడు ప్రశ్నలూ సరైన వరసలో పడితే చాలామంది తండ్రులు తగ్గుతారు. హైదరాబాద్‌లో బుద్ధా అరుణా రెడ్డి తండ్రి తగ్గలేదు. కరాటే నేర్చుకుంటున్న కూతుర్ని తీసుకెళ్లి ఎల్.బి. స్టేడియంలో జిమ్నాస్టిక్స్‌లో చేర్పించాడు. ఫలితం చూడండి: 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌ ప్రపంచ కప్‌లో ఆ అమ్మాయి వాల్ట్‌లో 13.649 స్కోరుతో కాంస్యం తెచ్చింది. అంతకుముందు ప్రపంచ కప్‌లో మన దేశం నుంచి ఎవరూ ఏ పతకమూ తేలేదు. ఆ వారం రోజులూ తెలుగువాళ్లందరూ వాల్ట్ అంటే ఏమిటో తెలిసినట్టు నటించాల్సి వచ్చింది.

పరికరాల విషయంలో గట్టిగా ఉండండి, కొనకండి. దీప తొలి రోజుల్లో పాత స్కూటర్ విడిభాగాలతో చేసుకున్న సరంజామా మీద సాధన చేసిందని పేపర్లన్నీ మురిసిపోతూ రాశాయి. అసలు సరుకే కొనిచ్చేసి ఉంటే పాపం ఆ విలేకరులు ఏం రాసుకునేవాళ్లు? ఫోమ్ పిట్ అనేది కూడా విలాసమే. పల్టీ సరిగా కుదరని రోజున మెడ మీద పడ్డా దెబ్బ తగలకుండా మెత్తటి ముక్కలు నింపిన గొయ్యి అది. పడటం నేర్పడానికి డబ్బెందుకు, పడకుండా నేర్చుకోమనండి.

ఇక దీప ఎంచుకున్న విద్య గురించి. వాల్ట్ అంటే దాదాపు 25 మీటర్లు పరుగెత్తి, స్ప్రింగ్‌బోర్డు మీద తన్ని, 125 సెంటీమీటర్ల ఎత్తున్న టేబుల్ మీద చేతులు మోపి, గాల్లో తిరిగి, కాళ్ల మీద దిగడం. రష్యాకు చెందిన యెలెనా ప్రొడునోవా 1999లో దీన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్లింది. చేతులు మోపాక గాల్లో ముందుకు రెండు పల్టీలు. ముందుకు తిరిగేటప్పుడు ఆఖరి క్షణం దాకా నేల కనబడదు. ఒక్క పిసరు తక్కువ తిరిగినా, ఎక్కువ తిరిగినా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2016 రియో ఒలింపిక్స్ నాటికి ఆ వాల్ట్ కఠినత విలువ 7.0, అప్పటి పట్టికలో అన్నిటికంటే ఎక్కువ. అందుకే పెద్ద దేశాల వాళ్లు దాని జోలికి పోలేదు. వాళ్లకి నున్నగా, తప్పు లేకుండా చేసే తీరులోనే మార్కులు వచ్చేస్తాయి. స్కూటర్ ముక్కల మీద నేర్చుకున్నవాళ్లు ఆ నునుపు దగ్గర వెనకబడి, ఆ లోటును ప్రాణం మీదికి తెచ్చే కఠినతతో పూడ్చుకుంటారు. ఈ లెక్క మీకు అర్థమైతే వెంటనే మరిచిపోండి, లేకపోతే పరికరాలు కొనాలనిపిస్తుంది. దానికి బదులు "ఇంకాస్త తేలికైనది చెయ్యొచ్చుగా?" అని అడగండి. నేను విన్న ప్రశ్నల్లో ఇంతకంటే బాగా పనిచేసేది లేదు.

ఫిజియోని ముందే పంపకండి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడంలో ఉన్న ఉత్సాహం ముందే తవ్వితే ఎక్కడిది? రియోకి దీప ఫిజియో ఆమె ఫైనల్ చేరాకే బయల్దేరాడు. వాల్ట్‌లో దిగేటప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్ల భారం మోకాళ్ల మీద పడుతుంది కాబట్టి ఫైనల్ దాకా మోకాళ్లు వాటంతటవే చూసుకుంటాయని మన నమ్మకం.

మెచ్చుకోవడానికి ఫోన్ చేయడం బంధుమిత్రుల జన్మహక్కు. అయితే నంది ఈ హక్కును కాలరాశాడు. ఆగస్టు 9 దీప పుట్టినరోజు, సరిగ్గా రియో క్రీడల మధ్యలో పడింది. ఆయన ఆమె ఫోన్‌లోంచి సిమ్ తీసేసి, అమ్మానాన్నలతో తప్ప ఎవరితోనూ మాట్లాడనివ్వలేదు. ఇలాంటి కోచ్ తగిలితే కోచ్‌కే ఫోన్ చేయండి. రాత్రి పన్నెండు దాటాక చేస్తే బాగుంటుంది.

2016 ఆగస్టు 14 ఫైనల్ గురించి టీవీ ముందు కూర్చునేవాళ్లకి ప్రత్యేక శిక్షణ అవసరం. ప్రొడునోవా పేరు మోసే ఆ వాల్ట్‌లో దీప కాళ్ల మీదే దిగింది, కానీ బాగా లోతుగా, దాదాపు నేలకు తగిలేంత కిందికి కూలబడి. తీరుకి 8.266, కఠినతకి 7.0, మొత్తం 15.266. మొదటి వాల్ట్ 14.866. సగటు 15.066. కాంస్యం తీసుకున్న స్విట్జర్లాండ్ జూలియా స్టైన్‌గ్రూబర్‌కి 15.216. తేడా 0.150. కాలు ఒకసారి పక్కకి జరిగితే న్యాయనిర్ణేతలు కోసేది 0.1 నుంచి 0.3 దాకా ఉంటుంది, అంటే ఇది ఒక అడుగు పాటి దూరం. ఈ సంఖ్య కంఠస్థం చేసి ఆమె ఎక్కడ కనబడితే అక్కడ అప్పజెప్పండి. "ఇంకొంచెం లేచి నిలబడుంటే..." అని నిట్టూర్చండి. ఆ సంగతి ఆమెకి తట్టి ఉండకపోవచ్చు.

అదే ఫైనల్‌లో అదే వాల్ట్‌కి ఇంకొకామె కూడా తెగించింది. ఉజ్బెకిస్తాన్‌కి చెందిన ఒక్సానా చుసోవితినా, వయసు 41, ఏడో స్థానం. 1992 నుంచి టోక్యో దాకా 8 ఒలింపిక్స్ ఆడిన మనిషి. కొడుక్కి లుకేమియా వస్తే వైద్యం కోసం జర్మనీ వెళ్లి, ఆ దేశం తరఫున 2008లో వెండి పతకం గెలిచింది. మీ ఇంట్లో ఇరవై దాటిన ఆడపిల్ల ఉంటే ఈ పేరు చెవిన పడనివ్వకండి.

తర్వాతది బహుమతి ఘట్టం, దాతలు శ్రద్ధగా వినాలి. బహుమతికి తాళంచెవి ఉండాలి. మ్యాట్‌కి తాళంచెవి ఉండదు, ఫొటోలో ఏం పట్టుకుంటారు? రియో తర్వాత హైదరాబాద్‌లో సచిన్ టెండూల్కర్ చేతుల మీదుగా పి.వి. సింధు, సాక్షీ మాలిక్, పుల్లెల గోపీచంద్‌లతో పాటు దీపకీ బీఎండబ్ల్యూ ఇప్పించారు. మనసు మంచిదే, అందులో వంక లేదు. కాకపోతే అప్పట్లో అగర్తలాలో రోడ్లు ఇరుకు, పైగా ఆ కారుకి సర్వీసింగ్ చేసేవాళ్లు అక్కడ లేరు. ఆమె మర్యాదగా తిరిగిచ్చేసి, వచ్చిన డబ్బుతో హ్యుందాయ్ ఎలాంట్రా కొనుక్కుంది. తర్వాతిసారి ఓడ ఇస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

2017లో మోకాలి లిగమెంట్‌కి ఆపరేషన్ అయింది. "ఇక అయిపోయింది" అని ఈ దశలో అనాలి. 2018లో టర్కీలోని మెర్సిన్‌లో బంగారం గెలిచింది, అయినా అనాలి.

నిషిద్ధ పదార్థం హైజెనమీన్ బయటపడటంతో 2021 అక్టోబర్ నుంచి లెక్కవేసి 21 నెలలు ఆటకు దూరం పెట్టారు. తనకు తెలియకుండానే ఒంట్లోకి వెళ్లిందని ఆమె చెప్పింది. అధికారులకు సలహా: నిబంధన రాసేటప్పుడు గత 12 నెలల ప్రదర్శన చూడాలని రాయండి. 2023 జులైలో నిషేధం ముగిసింది, ఆ వెంటనే జరిగిన ట్రయల్స్‌లో ఆమే మొదట నిలిచింది. కానీ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకు పంపలేదు. ఆటకు దూరంగా ఉంచిన ఏడాదిలో ఆడిన దాఖలాలు లేవు మరి. ఇంత చక్కటి నిబంధనకి ఎవరూ శాలువా కప్పకపోవడం అన్యాయం.

ముప్పై ఏళ్ల వయసులో, 2024 మేలో, తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ వాల్ట్‌లో 13.566తో బంగారం. ఆ పోటీల్లో భారతీయులెవరికీ అంతకుముందు బంగారం రాలేదు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు తొణకకుండా "ఒలింపిక్స్‌ది కాదు కదా" అనండి. అదే ఏడాది అక్టోబర్‌లో ఆమె ఆట మానేస్తున్నట్టు ప్రకటించింది. "అప్పుడేనా, ఇంకా ఆడాల్సింది" అనడానికి అదే అదను, ఇరవై ఏళ్లకే చాలన్నది మీరేనని ఎవరికీ గుర్తుండదు.

సన్మానానికి ఫ్లెక్సీ ముందే కొట్టించండి. అందులో మీ ఫొటో పెద్దదిగా, ఆమెది పల్టీలో తలకిందులుగా ఉన్నది వేయించండి. అమ్మాయి రావడం ఆలస్యమైతే ఆగక్కర్లేదు, వేదిక మీద ఉన్నవాళ్లే ఒకరికొకరు శాలువాలు కప్పేసుకుని భోజనాలకు లేవండి.