పాలెగాడి డీపీ

2022లో మా నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారినప్పటి నుంచి ఇక్కడి కుర్రాళ్లకు తిరుపతి గంగమ్మ జాతర కూడా సొంత జాతరైపోయింది. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడిని పట్టుకోవడానికి అమ్మవారు రోజుకో వేషం కట్టిందని కథ. అందుకే జాతరలో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. 2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చి అల్లు అర్జున్ చీర కట్టాక ఆ వేషం ఊరూరా రీలైంది. కింద ఎర్ర గుండెలు, "జై గంగమ్మ తల్లీ" అని జేజేలు.

వారం రోజులు చీర కట్టిన మగాడు భక్తుడు. బతుకంతా చీరలోనే ఉండే హిజ్రా మాత్రం "ఆడా? మగా?" అనే థంబ్‌నెయిల్.

ఇప్పుడు ఇదే పేటలో ఒక ఆడపిల్ల జీన్సు వేసుకుని కాళహస్తి బస్సెక్కుతూ రీలు పెట్టిందనుకోండి. ధర్మానికి ముప్పొచ్చేస్తుంది. "బొట్టేదమ్మా, మతం మారావా?" బొట్టు పెడితే, అంత పెద్దదెందుకు. చీర కడితే, నడుము మీద చర్చ. చర్చిలో పాట పాడే అమ్మాయికి కమ్మలెందుకని వాక్యం చెబుతారు. ముస్లిం అమ్మాయి బిర్యానీ వండి చూపిస్తే దమ్ము సంగతి ఎవరికీ పట్టదు, తలమీద ముసుగు జారిందా లేదా అన్నదే లెక్క. ఒకరి దేవుడంటే ఒకరికి పడనివాళ్లంతా ఈ ఒక్క పనిలో అన్నదమ్ములు. మతసామరస్యం లేదని బాధపడేవాళ్లు ఒకసారి ఆ కామెంట్లలోకి తొంగిచూడొచ్చు.

మగవాళ్ల లెక్క వేరు. 2024 జూలైలో ఒక తమిళ యూట్యూబరు తిరుమల క్యూలో గేటు తీసే ఉద్యోగిలా నటించి, గంటల తరబడి కూర్చున్న భక్తుల్ని ఆటపట్టించి వీడియో పెట్టాడు. జనం బాగానే తిట్టారు. అయితే పంచె ఎందుకు కట్టుకోలేదని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అంతకు రెండేళ్ల ముందు, పెళ్లైన మర్నాడే కొండకొచ్చిన నయనతార మాడవీధిలో చెప్పులతో కనబడింది. ఆమె చెప్పులకు క్షమాపణ లేఖ భర్త విఘ్నేశ్ శివన్ రాశాడు. సంసారమంటే అదీ!

జాతరలో బూతులకూ ఒక పద్ధతుంది. వేషం కట్టినవాడు తిడతాడు, తిట్టించుకున్నవాడు నవ్వుకుంటాడు, వేషం విప్పి స్నానం చేస్తే సరి. కామెంట్లలో తిట్టేవాడికి ఆ స్నానయోగం లేదు. ఏడాది పొడవునా అదే మొక్కు. వాడి డీపీలో ఎవరున్నారో చూశారా? అమ్మవారు! కింద "స్త్రీని పూజించే సంస్కృతి మనది" అని బయో, దానికింద పొరుగింటి పిల్లకు బండబూతు. కథలో గంగమ్మ వేషాలు కట్టి పాలెగాణ్ణి వెతికింది. ఇన్‌స్టాలో పాలెగాడే గంగమ్మ వేషం కట్టాడు.

రిపోర్టు కొడితే ఇంకో పేరుతో దిగుతాడు. ఆ కథలో పాలెగాడు చివరికి బయటికొచ్చింది అమ్మవారు దొర వేషం కట్టినప్పుడు. ఇప్పటి దొర బ్రాండు. "సార్, మీ పేజీ బాగుంది, కొలాబ్ చేద్దామా?" అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. అసలు పేరు, ఊరు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ కోడుతో సహా ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి.