అమ్మల్లారా, నల్లా టైముకు రండి

గంగమ్మకు, యమునమ్మకు, గోదారమ్మకు, సరస్వతమ్మకు, నర్మదమ్మకు, సింధమ్మకు, కావేరమ్మకు మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్ నుంచి దండాలు. రోజూ తెల్లారి నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకుంటూ మిమ్మల్ని ఏడుగురినీ పేరుపేరునా పిలుస్తున్నాం. పిలిచినవాళ్లం కాబట్టి ఇక్కడి సంగతులు ముందే చెప్పడం మర్యాద.

మొదటిది, నల్లా టైముకే రండి. నల్లా రానిరోజు ట్యాంకర్ వెంట రండి. బిందెల వరుసలో దేవతలకు వీఐపీ దర్శనం లేదు.

గంగమ్మా, యమునమ్మా! 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు మీకు మనుషుల హోదా ఇస్తే, జూలైలో సుప్రీంకోర్టు ఆపేసింది. బాధపడకండి. మనిషి హోదా ఉంటే ఏం ఒరుగుతుందో సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల డ్యూటీ చేసేవాణ్ని అడగండి, చెప్తాడు. గోదారమ్మా! నువ్వు త్ర్యంబకంలో పుట్టి మా తెలంగాణకు పోయావు. మేం తెలంగాణలో పుట్టి ఇటు వచ్చాం. మగ్గం అన్నం పెట్టక మేం కదిలాం, నీకేం కష్టమొచ్చిందో మరి. సరస్వతమ్మ ఒక్కతే తెలివైంది. ఇదంతా చూడాల్సి వస్తుందని ముందే కనపడకుండా పోయింది.

ఇక అసలు సంగతి. మీ పేర్లతో మేం పోసుకునే నీళ్లు మీవి కావు. కొన్ని షహాడ్ దగ్గర ఉల్హాస్ నదిలోంచి తోడినవి. కొన్ని ముంబై తాగే నీళ్లలోంచి మా వంతుకు వచ్చినవి. ఉల్హాస్ పేరు మా తానం మంత్రంలో లేదు. తానం ఉల్హాస్‌ది, పుణ్యం గంగమ్మ ఖాతాలో.

ఊళ్లోనే మీ చెల్లెలు ఒకతి ఉంది, కామవారి. ఎనిమిది నెలలు మోరీ, నాలుగు నెలలు నది. రంగునీళ్లు, చెత్త, డ్రైనేజీ అన్నీ ఆమె ఒళ్లోకే. వంతెన దాటేటప్పుడు ఎంత నాస్తికుడైనా ముక్కు పట్టుకుంటాడు. ప్రాణాయామం ఊరంతా ఇంత శ్రద్ధగా చేసే చోటు ఇంకోటి లేదు. గోదారి పుష్కరాలంటే మాత్రం నెలల ముందే రైలు టికెట్లు కొంటాం. నది ఎంత దూరముంటే మాకు అంత భక్తి.

మీరు ఏడుగురూ పిలిస్తే వచ్చారో లేదో తెలియదు. కామవారి మాత్రం వానాకాలంలో పిలవకుండానే ఇళ్లలోకి వస్తుంది. మేం ఇచ్చిందంతా తిరిగి తెచ్చి గడప లోపల పెడుతుంది.

మా జంధ్యాల పున్నానికి ఓసారి వచ్చి చూడండి. రాగి పంచపాత్ర చింతపండుతో తోమి తళతళలాడుతుంటుంది. అందులోకి నీళ్లు ఎక్కడివి? సీలు తీసిన ప్లాస్టిక్ బాటిల్‌లోవి. ఏడు నదులను పిలిచే నోటికి ఒక్క నది నీళ్లు మింగే ధైర్యం లేదు.

శాస్త్రం ఏమీ చెప్పలేదా అంటే చెప్పింది. నీళ్లలో మలమూత్రాలు, ఉమ్ము, రక్తం, విషం వేయకూడదని మనుస్మృతి నాలుగో అధ్యాయంలోనే ఉంది. ఎవరు ఎవర్ని ముట్టుకోకూడదో చెప్పే శ్లోకాలు తరతరాలుగా కంఠస్థం. ఈ ఒక్క శ్లోకం దగ్గరే అందరికీ మతిమరుపు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీభాగాలు లెక్కతేలిస్తే, అందులో 53 మా మహారాష్ట్రవే. అన్ని రాష్ట్రాల్లోకీ మేమే ఫస్టు.

‘ఆ పాపం డైయింగ్ వాళ్లది, సైజింగ్ వాళ్లది, కార్పొరేషన్‌ది’ అంటారు మావాళ్లు. సగం నిజమే. మరి వరాలదేవి చెరువు గట్టున పూజ పూలను ప్లాస్టిక్ సంచీతో సహా విసిరేది ఎవరు? సంచీకి వేసిన ముడి కూడా విప్పరు. దేవుడి పూలు తొక్కుడు పడకూడదట, చెరువు చచ్చినా ఫర్వాలేదట. ప్లాస్టర్ గణపతిని కొనేదీ మేమే, నీళ్లలో కరగడం లేదని మొత్తుకునేదీ మేమే.

అందుకని పద్మనగర్ పెద్దలకు ఒక మనవి. రేపటి తానంలో ఏడు పేర్ల తర్వాత ఎనిమిదోదిగా కామవారి పేరు కూడా చెప్పండి. ఆ నీళ్లే ఉద్ధరిణెడు తెచ్చి మూడుసార్లు ఆచమనం చేయండి. చేయలేమంటారా? అయితే కామవారిలోకి ఏం వదులుతున్నారని కార్పొరేషన్‌నూ, కార్ఖానాలనూ, మీ ఇంటివాళ్లనూ నిలదీయండి. ఆ పనీ చేతకాకపోతే మిగతా ఏడుగురినీ పిలవడం మానేయండి. వాళ్లనైనా బతకనివ్వండి.