రుసుము సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: విదేశీ ద్రవ్య వ్యవహారములపై వర్తించు రుసుములు వర్తించును.

అవతారిక: మా బావగారు విజయనగరంలో తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. కూతురి పురిటికి సింగపూరు వెళ్లి, లిటిల్ ఇండియాలో మనవడికి ఉయ్యాల కొని కార్డు గీకారు. నెల తిరిగాక స్టేట్‌మెంటులో ఉయ్యాల కింద మరో రెండు వరుసలు కనబడ్డాయి. ఇవేమిటని ఫోన్‌లో అడిగితే బ్యాంకువారు పై సూత్రం చదివి వినిపించారు.

టీక: 'వ్యవహారములపై' దాకా స్పష్టం, వదిలేస్తున్నాం. 'వర్తించు' అని రెండుమార్లు అనడం పునరుక్తి దోషం కదా అని శంక. కాదు. శబ్దమూ అర్థమూ ఒకటే అయి తాత్పర్యం వేరైతే లాటానుప్రాసం అన్నారు ఆలంకారికులు. మొదటిదాని తాత్పర్యం: ఎంతో చెప్పం. రెండోదానిది: అయినా తీసుకుంటాం. 'రుసుములు' అన్న బహువచనమూ ఊరికే పడలేదు. చాలా కార్డులకు మార్కప్ పేరుతో నూటికి మూడున్నర, ఆ మూడున్నర మీద 18 శాతం జీఎస్టీ. పదివేల ఉయ్యాలకు 350, దానిపై 63, వెరసి 413.

విశేషం: వ్యాకరణంలో లోపమంటే లేకపోవడం కాదు, కనబడకపోవడం. పాణిని నిర్వచనమే అది. క్విప్ అని ఒక ప్రత్యయముంది. దాని అక్షరాలన్నీ లోపిస్తాయి, ఒక్కటీ మిగలదు. అయినా చేయవలసిన కార్యం చేసే పోతుంది. 'జి' ధాతువు చివర తకారం చేరి 'ఇంద్రజిత్' అయిందంటే ఆ కనబడని క్విప్ చలవే. మబ్బుల చాటున దాక్కుని బాణాలేసే వీరుడికి కనబడని ప్రత్యయంతో పేరు కట్టిన భాష ఎంత గొప్పది! తాతా సుబ్బరాయశాస్త్రి వంటి శాబ్దికులు తిరిగిన విజయనగరంలో ఈ సంగతి ఇంకా విస్తరించవచ్చు గానీ, బావగారు 413 రూపాయల సంగతి తేల్చమంటున్నారు. తేలుస్తాను: మార్కప్ కూడా క్విప్ జాతిదే. దుకాణం రసీదులో లోపిస్తుంది, ఖాతాలో కార్యం చేస్తుంది.

మన పూర్వులకు ఈ బాధ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి రంగం (రంగూను) వెళ్లి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోసినవాళ్లు కూలి రూపాయల్లోనే పుచ్చుకున్నారు. 1937 దాకా బర్మా బ్రిటిషిండియాలో భాగమే. గల్ఫు కోసమని 1959లో రిజర్వు బ్యాంకు విడిగా రూపాయి నోట్లు వేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గాక, అప్పటికీ వాటినే వాడుతున్న అక్కడి రాజ్యాలు కూడా ఒక్కొక్కటే వాటికి స్వస్తి చెప్పాయి.

పాఠాంతరం: దుకాణం మెషీను తెర మీద రెండు పాఠాలుంటాయి, డాలర్లలో ఒకటి, రూపాయల్లో ఒకటి. రూపాయల పాఠం చూడగానే ప్రాణం లేచొస్తుంది. అది ప్రక్షిప్తం. ఆ రేటు కట్టేది దుకాణం తరఫువాళ్లు, వాళ్ల లాభం రేటులోనే కలిసి ఉంటుంది. పైగా దుకాణం పరాయి దేశంలో ఉందని మన బ్యాంకులు కొన్ని మళ్లీ విడిగా పట్టుకుంటాయి. కనక డాలర్ల పాఠమే గ్రాహ్యం. మూలంలో లేనిది రాయనన్నది వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం. మూలంలో లేనిదాన్నే వసూలు చేయడం బ్యాంకువారి నియమం.

తాత్పర్యం: ఉయ్యాల మీద నాలుగు వందలు పోతే పోయాయి. ఉద్దానంలో కొబ్బరి తోట తాకట్టు పెట్టి, కూతురి పది లక్షల ఫీజు ఇలాంటి కార్డు మీద కట్టిన రైతుకు ఈ లోపం ఖరీదు 41,300. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పుస్తకాలు జనం మాటల్లో ఉండాలని పోరాడారు. బ్యాంకు కాగితం దాకా ఆ పోరాటం రాలేదు. బావగారు కట్టనని అనలేదు, ముందే చెప్పమంటున్నారు. వందకు నాలుగు రూపాయల పదమూడు పైసలు తీసుకుంటామని కార్డిచ్చిన రోజే తెలుగులో ఒక్క ముక్క రాసిస్తే, కట్టేవాడు కడతాడు, వద్దనుకున్నవాడు నోట్లు మార్చుకుని విమానమెక్కుతాడు.