కర్నెల్ గుమ్మంలో నేను

లైనక్స్ కంప్యూటర్లో డెవ్ డైరెక్టరీ తెరిచి చూడండి, అక్కడ ఉంటాను. నా పేరు ఫ్యూజ్. అవతల సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కర్నెల్, ఇవతల మామూలు ప్రోగ్రాము. ఈ రెంటి మధ్య మాటలు చేరవేయడమే నా ఉద్యోగం.

ఒకప్పుడు లైనక్స్‌కి కొత్త ఫైల్ సిస్టమ్ రాయాలంటే కర్నెల్ లోపలే రాయాల్సి వచ్చేది. అక్కడ ఒక్క పాయింటర్ తప్పినా యంత్రమంతా కుప్పకూలేది. మిక్లోష్ సెరేది నన్ను తయారుచేశాక, 2005లో 2.6.14 వెర్షన్‌తో నాకు కర్నెల్లో చోటు దొరికింది. అప్పట్నుంచి పైథాన్ వచ్చిన విద్యార్థి కూడా సొంత ఫైల్ సిస్టమ్ రాసుకోగలుగుతున్నాడు. అది చచ్చిపోయినా యంత్రం నడుస్తూనే ఉంటుంది.

ఎక్కడో ఉన్న సర్వర్ని ఎస్ఎస్‌హెచ్ఎఫ్ఎస్ అనే ప్రోగ్రాముతో మీ ఫోల్డర్లో మౌంట్ చేశారనుకోండి. ఫైళ్ల జాబితా కోసం మీరు ఎల్ఎస్ కమాండ్ కొట్టగానే కర్నెల్ ఆ పని నాకు అప్పగిస్తుంది. దానికో నంబరు వేసి వరుసలో పెడతాను. నా దగ్గర కాచుకుని ఉన్న ఎస్ఎస్‌హెచ్ఎఫ్ఎస్ దాన్ని చదువుకుని, సర్వర్ని అడిగి, అదే నంబరుతో జవాబు రాసిస్తుంది. అప్పటిదాకా ఎల్ఎస్ ఆగాల్సిందే. మీరు మౌంట్ చేసినది మీరే చూడాలి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప సర్వాధికారాలున్న రూట్ యూజర్ని కూడా లోపలికి రానివ్వను.

ఈ రాకపోకలకు టైం పడుతుంది, నిజమే. ఇలాంటి ఫైల్ సిస్టమ్‌లు ఆటబొమ్మలకు తప్ప పనికిరావని 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అన్నాడు. ఆ మాట నేను ఒప్పుకోను. అప్పటికే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ అనే ప్రోగ్రాము నా మీద నడుస్తూ, విండోస్ డిస్కుల్లో లైనక్స్ నుంచి ధైర్యంగా రాసే వీలు కల్పించింది. వేగం కోసం ఒకప్పుడు నన్ను పక్కనపెట్టిన ఆండ్రాయిడ్, తన 11వ వెర్షన్లో నన్ను మళ్లీ పిలిచింది. ఏ యాప్ ఏ ఫొటో ముట్టుకోవచ్చో చూసే పని నా ద్వారానే జరుగుతోంది. ఇక వేగం సంగతికొస్తే, 2024లో 6.9 కర్నెల్‌తో పాస్‌త్రూ అనే పద్ధతి వచ్చింది. ఫైలు తెరిచేటప్పుడే ప్రోగ్రామును అడుగుతాను, ఆ తర్వాత చదవడం, రాయడం నేరుగా అసలు ఫైలుతోనే సాగిపోతాయి.

ఎప్పుడైనా మీ తెరమీద ‘ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్’ అని కనబడితే కంగారుపడకండి. ఇవతలి ప్రోగ్రాము ఆగిపోయిందని అర్థం. ఫ్యూజర్‌మౌంట్ కమాండ్‌తో ఆ ఫోల్డర్ని విడిపించి మళ్లీ మౌంట్ చేయండి. యంత్రాన్ని రీస్టార్ట్ చేయనక్కర్లేదు.